సకినాలకు అల్లిన కథ

మా బాపు చనిపోయాడన్న సంగతి మా ఇంట్లో అందరికంటే ముందు తెలిసింది బాపుకే. మెట్‌పల్లిలో మాకు పిండిగిర్ని ఉంది. తమ్ముడు నడుపుతాడు, బాపు వాకిట్లో కుర్చీ వేసుకుని వచ్చేపోయేవాళ్లను పలకరిస్తుంటాడు. ఒకరోజు పొద్దున కోరుట్ల వైపు పల్లె నుంచి ఒకామె నానబెట్టిన బియ్యం మూట కట్టుకుని వచ్చింది. బాపును తేరిపార చూసి, "మీ అన్న పోయినంక గిర్ని నువ్వే సూసుకుంటున్నవా?" అని అడిగింది.

బాపుకు అన్నలు లేరు. ఇంటికి ఆయనే పెద్దకొడుకు. ఎవరు పోయిండ్రమ్మా అని అడిగితే ఆమె చెంగుముడిలోంచి ఫోన్ తీసి చూపించింది. అందులో మా అవ్వ, అంటే మా అమ్మ, కూర్చుని సకినాలు చుడుతోంది. ఆ వెంటనే గోడ మీద దండ వేసిన ఫొటో. ఇగో గీయన, అని ఆమె వేలు పెట్టి చూపించింది. బాపు ఫోన్ తిరిగి ఇచ్చేసి, "మా ఇంట్ల పెద్దోన్ని నేనేనమ్మా, ఇంక పోలే," అన్నాడట. ఆమె బియ్యం మూట అక్కడే వదిలేసి సిగ్గుతో వెళ్లిపోయి, సాయంత్రం కొడుకును పంపి పిండి తెప్పించుకుంది.

ఇది తమ్ముడు ఫోన్లో నవ్వుతూ చెప్పాడు. నేను మా ఆయనతో కరీంనగర్‌లో ఉంటాను. నేనూ నవ్వాను. వెనక నుంచి మా మరదలి గొంతు వినిపించింది, అవ్వ నవ్వట్లేదని.

అబద్ధాలు నాకు కొత్త కాదు. చాలా ఏళ్లు ఒక పత్రిక జిల్లా పేజీల్లో ప్రకటనలకు అచ్చుతప్పులు దిద్దే కొలువు చేశాను. నెలలో ఇంగ్లీషు మాట్లాడిస్తామనే మేడమీది కోచింగు, రాస్తే చాలు మోకాళ్ల నొప్పులు మాయమయ్యే నూనె, ఏడాది పొడుగునా 'ఈ రోజే ఆఖరు' అనే చీరల దుకాణం, అన్నీ నా కళ్ల ముందు నుంచే అచ్చుకు పోయాయి. మెట్‌పల్లి అంగడిలో పుచ్చకాయ అమ్మేవాడు కూడా చెక్కెర తిన్నట్టే ఉంటదని ఒట్టు పెట్టి మరీ చెప్తాడు. కానీ వాడు ఎదురుగా నిలబడి చెప్తాడు. కాయ చప్పగా ఉంటే మళ్లీ అంగడికి వాడి ముందుకే పోయి నాలుగు దులిపి రావచ్చు, వాడు పళ్లికిలించి ఇంకో చిన్న కాయ చేతిలో పెడతాడు. అబద్ధం ఆడినా అతికినట్టు ఉండాలని పెద్దలు అనేవాళ్లు. ఇప్పటి ఆన్‌లైన్ వ్యాపారులు ఇంకా తెలివి మీరారు. వాళ్లు అసలు అబద్ధమే ఆడరు. ఇదొక ముక్క, అదొక ముక్క పక్కపక్కన అతికించి వదిలేస్తారు. అబద్ధం మనకు మనమే చెప్పుకుంటాం.

మా దిక్కు ఆడపిల్లను అత్తగారింటికి పంపితే సారెగంపలో ముందు చూసేది సకినాలే. బియ్యం నానబెట్టి, వడగట్టి, తడి ఆరకముందే గిర్నిలో పట్టిస్తారు. అందులో నువ్వులు, వాము, ఉప్పు కలుపుతారు. తెల్ల ధోతులు పరిచి, వాడకట్టు ఆడవాళ్లంతా చుట్టూ కూర్చుని పిండిని వేళ్ల మధ్య మెలిపెడుతూ చుట్లు చుట్లుగా వేస్తారు. అంతకుముందు ఆ పిండితోనే గౌరమ్మను చేసి పసుపు కుంకుమ పెడతారు. మొదటి సకినం ముత్తయిదువ చుట్టాలి. సారెకైతే గంప పైన పెట్టే పెద్ద సకినం ఒకటి ఉంటుంది, పళ్లెమంత వెడల్పు. అది విరగకుండా చుట్టడం అందరి వల్లా కాదు.

మా అవ్వ చేయి అందులో పేరు మోసింది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి పెండ్లి ఇంటివాళ్లు కుంకుమ భరిణె పట్టుకుని వచ్చి, బొట్టు పెట్టి పిలిచి, ఆటో పంపి తీసుకుపోయేవాళ్లు. డబ్బులిస్తే అవ్వ తీసుకునేది కాదు. రవికగుడ్డ పెడితే కళ్లకద్దుకునేది. ఆమెకు కావలసింది ఆ పిలుపు. బడి మెట్లు ఎక్కలేదు, మెట్‌పల్లి దాటి పెద్దగా పోలేదు, కానీ ఎవరింట్లో శుభకార్యం జరిగినా మొదటి చేయి తనది. వాకిట్లో భరిణె కనబడితే బాపు ఇంట్లోకి తిరిగి, నీ కొలువు వచ్చింది లెవ్వు, అని అవ్వను ఆటపట్టించేవాడు.

ఇక్కడే మా చిన్నమ్మ గురించి చెప్పాలి. అవ్వకు సొంత చెల్లెలు. పెండ్లయిన కొద్దికాలానికే చిన్నాయన పోతే మా ఇంటి వెనక అర్రలోకి వచ్చి ఉండిపోయింది. బియ్యం నానబెట్టేది ఆమె, పిండి పదును చూసేది ఆమె, పొయ్యి ముందు కూర్చుని మూకుడులో సకినాలు వేయించేదీ ఆమె. గౌరమ్మను పెట్టే వేళకు మాత్రం తనంతట తానే లేచి పొయ్యి దగ్గరికి వెళ్లిపోయేది. ఎవరూ పొమ్మనలేదు. ఉండమని అన్నవాళ్లూ లేరు.

ఇక ఆ వీడియో సంగతి. కరీంనగర్‌లో ఆన్‌లైన్‌లో పిండివంటలు అమ్మే ఒకాయన తమ్ముడికి తెలిసినవాళ్ల ద్వారా ఇంటికి వచ్చాడు. మర్యాదస్తుడే. అవ్వ కాళ్లు మొక్కాడు, మా దిక్కు రుచి దేశమంతా తెలియాలన్నాడు, గంపెడు సకినాలు చేయించుకుని కొనుక్కున్నాడు. చేస్తుండగా వీడియో తీసుకుంటామన్నాడు. గిర్ని వాకిట్లో వెలుగు బాగుందని అక్కడే పీట వేయించాడు. అక్కడ బాపు కుర్చీలో ఉన్నాడు.

"బాపూ, జర పక్కకు జరుగుండ్రి, అడ్డం వస్తున్నరు," అన్నాడట.

బాపు కుర్చీ ఎత్తుకుని గోడ అవతలికి వెళ్లాడు. ఏమీ అనుకోలేదు. పైగా మా ముసలిదాన్ని సినిమా తీస్తుండ్రని ఇల్లిల్లూ తిరిగి చెప్పి వచ్చాడట. పక్కనే పెట్టించిన పొయ్యి సెగకు అవ్వ నొసటి కుంకుమ చెమటలో కలిసి చెదిరిపోయింది. కడుక్కుని మళ్లీ పెట్టుకొస్తానని లేవబోతే వద్దన్నారు, సహజంగ ఉండాలె అన్నారు. ఆ సహజం అన్న మాట విన్నప్పుడల్లా నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ వీడియో నేను ఎన్నిసార్లు చూశానో. సన్నగా ఏడుపు రాగంతో మొదలవుతుంది. పిండి అంటిన అవ్వ వేళ్లు కనబడతాయి, తర్వాత బొట్టు చెదిరిన నొసలు. అక్కడి నుంచి కెమెరా మెల్లగా ఇంట్లోకి పోయి గోడ మీది దండ ఫొటో దగ్గర ఆగుతుంది. అది మా తాత ఫొటో, బాపును కన్నతండ్రి. ఇద్దరిదీ ఒకటే ముఖం, ఒకటే మీసం. ఫొటో మీదికి అక్షరాలు వస్తాయి, 'అవ్వకు ఇప్పుడు తోడు ఈ సకినాలే' అని. మళ్లీ అవ్వ ముఖం. 'ఒంటిచేత్తో బతుకును నిలబెట్టుకున్న ఈ తల్లికి మీ వంతు అండగా నిలవండి' అని కింద ఆర్డరు పెట్టే నంబరు. చూసినవాళ్లు చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. ఏడుస్తున్న బొమ్మలు పెట్టారు. దేవుడు మంచోళ్లనే తీసుకపోతడని ఎవరో రాశారు. గోడ అవతల కుర్చీలో ఉన్న మా బాపు గురించి.

అవ్వ ఎందుకు నవ్వలేదో నేను ఇంటికి పోయాక తెలిసింది. ఆ మాఘమాసం పెండ్లిళ్లు బాగానే జరిగాయి. గిర్నికి సారెపిండి వస్తూనే ఉంది. భరిణె మాత్రం రాలేదు. తనకు మోకాళ్లు పట్టేశాయని, కింద కూర్చోలేదని ఊళ్లో అనుకుంటున్నారేమో అనుకుందట అవ్వ. అందుకని కొన్నాళ్లు దుకాణానికి పోయినా, గుడికి పోయినా మోకాలి మీద చేయి పెట్టకుండా నిటారుగా నడిచి చూపించిందట. ఇది మరదలు చెప్తుంటే నాకు ఏడుపొచ్చింది. కోరుట్ల ఆమె ఫోన్ చూపించిన రోజు అవ్వకు విషయం అర్థమైంది. లోపలికి పోయి అద్దం ముందు కూర్చుని రూపాయి బిళ్లంత బొట్టు పెట్టుకుంది. అప్పటి నుంచి బయటికి వెళ్తే పుస్తెలతాడు కొంగు మీదికి తీసి వేసుకుంటోంది. ఇంత వయసొచ్చాక, భర్త ఉన్నాడని ఊరికి చూపించుకోవలసిన గతి పట్టింది మా అవ్వకు.

కరీంనగర్ తిరిగొచ్చాక ఆ వ్యాపారి ఆఫీసుకు వెళ్లాను. పోయేముందు వాళ్ల సకినాల ప్యాకెట్ ఒకటి తెప్పించాను. పైన అవ్వ బొమ్మ. లోపలివి అవ్వ చుట్టినవి కావు. చుట్లన్నీ ఒకే కొలతలో అచ్చు పోసినట్టున్నాయి. ఆయన నన్ను కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. మా బాపు బతికే ఉన్నాడని చెప్పాను. తెలుసు మేడం, నేను చూసిన గద, అన్నాడు. అంత నిమ్మళంగా అంటాడని నేను అనుకోలేదు. మరి చనిపోయాడని ఎందుకు పెట్టారని అడిగాను.

"చనిపోయిండని మేం ఎక్కడ రాసినం అక్కా? ఒక్క ముక్క సూపియ్యి," అన్నాడు.

ఫోన్ తీసి మొదటి నుంచి చివరిదాకా చూపించాడు. నిజమే, ఎక్కడా లేదు. ఫొటో తాతదేనని ఒప్పుకున్నాడు. ఇంట్లో ఉన్న ఫొటో ఇంట్లోనే చూపించామన్నాడు. ఒంటిచేత్తో అంటే సకినం ఒక చేత్తోనే కదా చుడతారన్నాడు. ప్యాకెట్ ముందు పెట్టాను. అవ్వ చేసినవని దాని మీద కూడా లేదు, 'అవ్వ చేతి రుచి' అని ఉంది. ఇన్నేళ్లు ఒత్తులూ దీర్ఘాలూ చూసిన నా కళ్లకు ఆ వాక్యాల్లో పట్టుకోవడానికి ఒక్క తప్పు దొరకలేదు. తప్పులు లేకుండా రాసిన దొంగతనం అది.

నేను గొంతు పెంచాను. ఆయన పెంచలేదు. కథ లేనిది ఎవరూ కొనరక్కా, ఉట్టి సకినాలు ఎవలకు కావాలె, అన్నాడు. మా అవ్వను పెండ్లిళ్లకు పిలవడం మానేశారని చెప్పాను. మొదటిసారి ఆయన ముఖం కొద్దిగా మారింది. ఆయనదీ మా దిక్కే, భరిణె విలువ తెలిసినవాడే. వీడియో తీసేస్తానన్నాడు. అంతటితో ఊరుకుంటే ఎంత బాగుండేది. తలుపు దాకా వచ్చి, పోనీ బాపును కూడా పెట్టి ఇంకోటి తీద్దామన్నాడు. ముసలోళ్ల ప్రేమ అంటే ఇప్పుడు బాగా పోతదట. అవ్వ చుడుతుంటే బాపు పిండి పట్టించుకొచ్చి పెట్టాలట. చివర్లో ఇద్దరూ ఒకే సకినం విరుచుకుని తినాలట. ఈ మాట నేను ఇంట్లో బాపుకు చెప్పాను. "ఒకపారి సంపి అమ్ముకున్నరు. మల్ల బతికిచ్చి అమ్ముకుంటరా? వద్దు," అన్నాడు.

వీడియోను ఆయన మాట ప్రకారం తీసేశాడు. అప్పటికే దాన్ని ఎంతమంది దింపుకుని తమ స్టేటస్‌లలో పెట్టుకున్నారో లెక్క లేదు. కొందరు దానికి దేవుడి పాటలు తగిలించారు. కొందరు తల్లి గొప్పతనం గురించి సొంత కవిత్వం చేర్చారు. నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు. తెలిసింది కూడా. మా వాడకట్టులో బాపు ఉన్నాడని తెలియనివాళ్లు ఎవరు? రోజూ ఆయన ముందు నుంచే కదా పిండి పట్టించుకుపోయేది. అయినా ఎదురింట్లో సారె పెట్టినప్పుడు అవ్వను పిలవలేదు. ఆ ఇంటి ఇల్లాలు మా మరదలి దగ్గర నొచ్చుకుంటూనే చెప్పిందట, మాకేం పట్టింపు లేదు గని మా బియ్యంకులు, పిల్ల అత్తగారోళ్లు, దూరపోళ్లు, వాళ్లు చూసిండ్రు, ఎందుకొచ్చిన లొల్లి అని. నిప్పు లేంది పొగ రాదంటరు గద అని కూడా అందట. ఏ నిప్పు? ఏ పొగ? పోయి అడుగుదామని లేస్తే అవ్వ నా చేయి పట్టుకుని కూర్చోబెట్టింది.

మా ఇంట్లోనే పెండ్లి వచ్చేసరికి నా కోపం ఇంకా అలాగే ఉంది. తమ్ముడి బిడ్డకు ఆదిలాబాద్ సంబంధం కుదిరింది. మనవరాలి సారెకు పెద్ద సకినం అవ్వే చుట్టాలి. ఆ పిల్ల పుట్టినప్పటి నుంచీ అవ్వ ఆ మాట అంటూనే ఉంది. ఊరందరి బిడ్డల గంపలూ నింపిన చేయి తన ఇంటి గంప నింపకుండా ఉంటుందా? ఎవరు పిలిచినా పిలవకున్నా ఈ ఒక్కటి మాత్రం తనదేనని అవ్వ నువ్వులు చెరుగుతూ, ధోతులు ఉతికించి ఆరేయిస్తూ, ఎప్పుడూ లేనంత హుషారుగా తిరిగింది. నాకూ మనసు కుదుటపడింది.

సకినాలు చుట్టే రోజుకు ముందే మగపెండ్లివారి నుంచి పెండ్లికొడుకు పెద్దమ్మ వచ్చింది. మంచి మాటకారి, పెద్దమనిషి. బాపు పక్కనే కూర్చుని భోంచేసింది. బాపు ఆమెకు దగ్గరుండి పెరుగు వేయించాడు. చేతులు కడుక్కున్నాక అవ్వను, నన్ను, మరదలిని లోపలి అర్రలోకి పిలిచి అవ్వతో మెల్లగా చెప్పింది.

"మనసుల పెట్టుకోకు బాయి. సారె గంప దింపంగనే మా దిక్కోళ్లు పెద్ద సకినం ఎవలు సుట్టిండ్రని అడుగుతరు. నిన్ను అందరు ఫోన్ల సూసిండ్రు. మొదటి చెయ్యి వేరేటోళ్లది పెట్టియ్యి."

ఆయన బతికే ఉన్నడు గదా, ఇప్పుడే మీకు పెరుగు వేయించిండు గదా, అన్నాను. ఆమెకు నా మీద కోపం రాలేదు. "నాకు తెల్సు బిడ్డా. గని ఒక్కొక్కల ఇంటికి పోయి సెప్పుకుంట తిరుగుతమా? రేపు పిల్లకు జర తలనొప్పి వచ్చినా గదే మాటంటరు," అంది. అందులో మోసం లేదు. ఆ పిల్ల మేలు కోరే అంది. అందుకే నాకు తిట్టడానికి ఎవరూ దొరకలేదు. ఎక్కడో ఆఫీసులో చాయ్ తాగుతూ ఒకడు అతికించిన రెండు ముక్కలు, ఇప్పుడు మా ఇంటి అర్రలో ఒక మంచి మనిషి నోటి నుంచి వస్తున్నాయి. అవ్వ ఆమె చేయి పట్టుకుని, సరే తియ్యి, పిల్ల సల్లగుంటె సాలు, అంది.

సకినాలు చుట్టే రోజు ఆడవాళ్లంతా వచ్చారు. ధోతులు పరిచారు. మరదలు గౌరమ్మను చేసి పసుపు కుంకుమ పెట్టింది. చిన్నమ్మ ఎప్పటిలాగే లేచింది. అవ్వ పిండి ముద్ద చేతిలోకి తీసుకుంది, ఒకసారి వేళ్ల మధ్య మెలిపెట్టి చూసింది, పదును కుదిరిందని చెప్పి నా వైపు చాచింది. నువ్వు మొదలువెట్టు, అంది.

ముద్ద తీసుకుని నేరుగా చిన్నమ్మ దగ్గరికి పోయాను. నువ్వు చుట్టు చిన్నమ్మా, నువ్వే చుట్టాలె, ఎవరేమంటరో సూస్తా, అన్నాను. గట్టిగానే అన్నాను. ఆడవాళ్ల మాటలు ఆగిపోయాయి. చిన్నమ్మ నా ముఖం చూసింది, ముద్దను చూసింది. చేయి చాచలేదు.

"ఇన్నేండ్లు యాదికి రాని నా చెయ్యి, గియ్యాల నీ కోపానికి యాదికొచ్చిందా బిడ్డా?" అంది. "మీ అవ్వకు ఉట్టి మాట. నాకు నిజమే గదనే."

కోపంగా అనలేదు. బియ్యం నానాయని చెప్పినంత మామూలుగా అంది. ముద్ద చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాను. మరదలు వచ్చి నా చేతిలోంచి తీసుకుని, పెండ్లిపిల్ల తల్లిగా తనే పెద్ద సకినం చుట్టింది. చుట్లు కొంచెం వంకరగా వచ్చాయి. మెల్లగా మళ్లీ మాటలు మొదలయ్యాయి, పాట ఎత్తుకున్నారు. గోడ అవతల గిర్ని ఆడుతోంది. బాపు ఎవరినో కేకేస్తున్నాడు.

అవ్వ ఒక మూల కాసేపు నిలబడింది. ఎక్కడ కూర్చోవాలో ఆమెకు తెలియలేదు. ఇలాంటి రోజున ఆమె ధోతి ముందు తప్ప ఇంకో చోట ఎప్పుడూ కూర్చోలేదు. తర్వాత మోకాలి మీద చేయి పెట్టుకుని మెల్లగా నడుస్తూ పొయ్యి దగ్గరికి పోయింది. చిన్నమ్మ తన పీటను కొంచెం జరిపి పక్కన చోటు చేసింది.

"గిటు దిక్కు కూసో అక్కా," అంది. "ఇక్కడ కండ్లకు పొగ రాదు."